పెరట్లో పిలుపులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామటుకు అమెరికా తూర్పు తీరం నుంచి, అందులోనూ మా న్యూజెర్సీ నుంచి వచ్చినవే. అన్నిటి సారం ఒకటే: ఇంటికి మనవాళ్ళను పిలవాలి, ఎలా? ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరు నెలలు పిలుపుల కాలం. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే. దాంతో ఊళ్ళో ఈత కొలనులు మూసేస్తారు, బడులు తెరుస్తారు. వినాయక చవితి ఆ చుట్టుపక్కలే వస్తుంది. ఆపైన బతుకమ్మ, దసరా, అట్లతద్ది. మరోపక్క పొద్దు త్వరత్వరగా తగ్గిపోతుంటుంది. లేబర్ డే నాడు సాయంత్రం ఏడు దాటినా పెరట్లో వెలుతురు ఉంటుంది. నెలాఖరుకి ఏడుకి ముందే సూర్యుడు దిగిపోతాడు. అక్టోబరు చివరికి ఆరింటికల్లా ఇంట్లో దీపాలు వెయ్యాలి. ఆ తరవాత ఎవరిల్లు వాళ్ళదే, ఎవరి హీటరు వాళ్ళదే.

హాలు మాట్లాడి, మైకు పెట్టి చేసే పండగలు వద్దని నేను అనను. కానీ ఇంట్లో, పెరట్లో, పదిమందో ఇరవైమందో కూర్చుని నవ్వుకునే పూటంటే నాకు ప్రాణం. అందుకే ఈ సంచికలో పేజీలన్నీ వాటికే ఇచ్చాను.

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. ఏటా లేబర్ డే వీకెండ్‌కి మా ఆయన అన్నదమ్ములు, మా అక్కవాళ్ళు కలిసి ఇరవైమంది దాకా మా ఇంటికి వస్తారు. అందరూ మంచివాళ్ళే. కాకపోతే మగవాళ్ళు డెక్ మీద కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు, ఆడవాళ్ళం పొద్దుటినుంచీ వంటింట్లోనే. సాయంత్రానికి నేను ఎవరితోనూ కుదురుగా రెండు మాటలు మాట్లాడి ఉండను. పాట్‌లక్ పెడదామంటే మా అత్తగారు ఒప్పుకోరు. "పిలిచి, మీ కూడు మీరే తెచ్చుకోండి అంటామా?" అంటారు. ఏం చెయ్యను?
ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాటను నేను కొట్టెయ్యను. ఇంటికి వచ్చినవాళ్ళకి మన చేత్తో పెట్టాలన్నది ఆవిడ పెరిగిన పద్ధతి. అది నిలబెడుతూనే మీ కష్టం తగ్గించుకోవచ్చు. వచ్చేవాళ్ళని వంటకం తెమ్మని అడగకండి, ఒక గంట ముందు వచ్చి ఒక చెయ్యి వెయ్యమని అడగండి. మన ఇంటి సరుకు, మన ఇంటి పొయ్యి, వాళ్ళ సాయం. దానికి ఏ అత్తగారూ అభ్యంతరం చెప్పరు.

రెండోది, అసలైనది: పొయ్యిని బయటికి తీసుకెళ్ళండి. మా ఇంట్లో కొన్నేళ్ళుగా ఇదే పద్ధతి. పులిహోర, దప్పళం, పెరుగన్నం పొద్దున పదింటికల్లా వంటింట్లో ముగించేస్తాం. వేడివేడిగా తినాల్సినవి మాత్రం బయటే. పెరట్లో చదునైన చోట గ్యాస్ సిలిండరు పొయ్యి పెట్టి, దానిమీద పెద్ద పెనం వేస్తాం. పెసరట్లు వెయ్యడం మా మరిది పని. ఆయనకి ఆ పని అప్పజెప్పిన రోజునుంచీ మిగతా మగవాళ్ళు కూడా పెనం చుట్టూనే చేరుతున్నారు. ఒకరు ఉల్లిపాయలు తరుగుతారు, ఒకరు అల్లం పచ్చడి వడ్డిస్తారు, ఒకరు "నాది ఇంకాస్త ఎర్రగా కాల్చు" అని పక్కన నిలబడి మాట్లాడుతూనే ఉంటారు. కబుర్లూ వంటా ఒకేచోట జరుగుతాయి, ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చుని తింటారు.

పెసరట్టే ఎందుకంటే, సెప్టెంబరు రాత్రుళ్ళు చల్లబడ్డాక దోసెల పిండి సరిగ్గా పులవదు. పొద్దున్నే చూసుకుని టెన్షన్ పడాలి. పెసలకి ఆ బాధ లేదు. ముందురోజు రాత్రి నానబెట్టి పొద్దున రుబ్బితే చాలు. ఇరవైమందికి కిలోన్నర పెసలు, రెండు గుప్పెళ్ళ బియ్యం, అల్లం, పచ్చిమిర్చి. మనిషికి రెండేసి అట్లు ధారాళంగా వస్తాయి. పక్కన ఉప్మా ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

పిల్లలకి మొక్కజొన్న పొత్తులు అప్పజెప్పండి. సెప్టెంబరులో కూడా మా జెర్సీ పొలాల దగ్గర తాజా పొత్తులు దొరుకుతాయి. గ్రిల్ మీద కాల్చే పని పెద్దవాళ్ళు చూసుకుంటారు. నిమ్మచెక్కని ఉప్పూకారంలో అద్ది పొత్తుకి రాసే పని పిల్లలది. ఆ పని చేసిన పిల్లలు ఆ పూట ఫోను అడగరు.

ఒక్క జాగ్రత్త. వాన పడుతోందనో, గాలి వీస్తోందనో గ్యాస్ పొయ్యిని గ్యారేజీలో వెలిగించకండి. షట్టరు తెరిచి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, రంగు ఉండదు. గోడకి, డెక్ చెక్కకి దూరంగా, ఆరుబయటే పెట్టుకోండి. వాన వస్తే ఆ పూటకి పులిహోరతో సరిపెట్టుకోవచ్చు.

ప్రశ్న: మధ్యాహ్నం పన్నెండింటికి బల్లమీద సర్దిన కోడికూర, పెరుగన్నం సాయంత్రం ఐదింటికి కూడా అందరూ తింటూనే ఉంటారు. ఇది ఫరవాలేదా?
ఒక పాఠకుడు, పార్సిపనీ

జవాబు: ఫరవాలేదు అనలేను బాబూ. వండినవి బయట రెండు గంటలకి మించి ఉంచవద్దని ఇక్కడి వ్యవసాయ శాఖ చెప్పే లెక్క. ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, అంటే మన లెక్కలో 32 డిగ్రీలు దాటితే, ఒక్క గంటే. లేబర్ డే నాడు కొన్నేళ్ళు అంత ఎండ ఉంటుంది. అన్నీ ఒకేసారి బల్లమీద పెట్టకండి. చిన్న గిన్నెల్లో తెచ్చి, అయిపోయాక ఫ్రిజ్ నుంచి మళ్ళీ తీసుకురండి. పెరుగన్నం గిన్నెని ఐసుముక్కలు పోసిన పళ్ళెంలో పెట్టండి. చింతపండు పులిహోర కాస్త నిలుస్తుందని మనవాళ్ళకి ధైర్యం, అది కూడా నీడలోనే ఉండాలి. తిరుపతి ప్రయాణానికి కట్టుకెళ్ళినవాళ్ళమే మనమంతా, నిజమే. కానీ పసిపిల్లలూ, పెద్దవయసువాళ్ళూ తినే బల్ల దగ్గర మాత్రం గడియారం చూడాల్సిందే.

ప్రశ్న: నమస్తే అండీ. మా అమ్మానాన్న మే నెలలో గుంటూరు నుంచి వచ్చారు. అక్టోబరు చివర్లో వెళ్ళిపోతారు. పిల్లలు బడికి, మేమిద్దరం ఆఫీసుకి వెళ్ళిపోతాం కనక వాళ్ళకి వారాంతం వస్తేనే మనిషి మొహం. కానీ స్నేహితుల కుటుంబాలు ఇంటికి వచ్చినా నాన్న ఒక మూల కుర్చీలో కూర్చుని, పలకరించినవాళ్ళకి తల ఊపి ఊరుకుంటారు. అమ్మేమో వంటింట్లోంచి బయటికి రాదు. వెళ్ళేలోగా వాళ్ళు మనసారా నవ్వుకునేలా ఒక్క రోజైనా చెయ్యాలని ఉంది.
ఒక పాఠకుడు, ప్లెయిన్స్‌బరో

జవాబు: నాయనా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆరు నెలలకి వచ్చి వెళ్ళే తల్లిదండ్రులు మన కాలనీల్లో ఎంతమందో. పొద్దుటే, సాయంత్రమూ కాలిబాట మీద నడుస్తూ కనబడతారు. ఆడవాళ్ళ చీరమీద స్వెట్టరు, కాళ్ళకి కొడుకు కొనిచ్చిన స్పోర్ట్స్ బూట్లు. మీ అమ్మానాన్నలకి మీ స్నేహితులు అక్కర్లేదు, వాళ్ళ ఈడువాళ్ళు కావాలి. కాబట్టి ఈసారి పిలుపు మీ పేరున కాదు, మీ నాన్నగారి పేరున జరగాలి. మీ కాలనీలో, మీ ఆఫీసులో ఎవరెవరి ఇళ్ళకి పెద్దవాళ్ళు వచ్చి ఉన్నారో కనుక్కోండి. వాళ్ళందరినీ పిలవండి. మీ నాన్నగారి చేతే ఫోను చేయించండి. పిలిచిన మనిషి మూల కుర్చీలో కూర్చోడు, గుమ్మంలో నిలబడతాడు.

మేమిలా ఒకసారి చేశాం. ఒకాయన నరసరావుపేట, ఒకావిడ నిజామాబాదు, ఒక జంట అనకాపల్లి, ఇంకొకరు అనంతపురం. మొదటి పావుగంట అందరూ బిగుసుకుని కూర్చున్నారు. తరవాత "మీదే ఊరండీ?" అని ఎవరో మొదలుపెట్టారు. అంతే. అనకాపల్లి ఆయన రైల్వేలో చేశారని తేలింది, అనంతపురం ఆయన తమ్ముడు గుంతకల్లులో రైల్వేలోనే చేశాడని తేలింది, కాఫీ వచ్చేసరికి ఇద్దరికీ తెలిసిన మనిషి దొరికాడు. మన ఊళ్ళ పేర్లకి ఆ బలం ఉంది. మేం పిల్లలం చెయ్యవలసిందల్లా కాఫీ సకాలానికి అందించి పక్కకి తప్పుకోవడమే.

కొన్ని చిన్న ఏర్పాట్లు మరవకండి. పదకొండింటికి మొదలుపెట్టి నాలుగింటికి ముగించండి. అక్టోబరులో ఎండ ఉన్నంతసేపే హాయి, ఐదు దాటితే వాళ్ళకి చలి. మడత కుర్చీలు వద్దు. వెనక ఆనుకునేవి, చేతులు ఆనించేవి కావాలి. కింది అంతస్తులో బాత్రూము దారి ముందే చూపించండి, అడగడానికి మొహమాటపడతారు. శాలువాలు, దుప్పట్లు ఒక బుట్టలో పెట్టి ఉంచండి. షుగరు ఉన్నవాళ్ళకి భోజనం ఒంటిగంటకల్లా పడిపోవాలి.

ఇక ఆట. సిమెంటు డ్రైవ్‌వే మీద సుద్దతో ఐదు గళ్ళు ఇటు, ఐదు గళ్ళు అటు గీసి అష్టాచమ్మా పెట్టండి. నాలుగు గవ్వలు చాలు. గవ్వలు లేకపోతే చింతగింజల్ని ఒకపక్క అరగదీసి వాడుకోండి. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. నేలమీద కూర్చోలేనివాళ్ళ కోసం అట్టమీద గీసి బల్లమీద పెట్టండి. తాతలూ మనవలూ ఒక జట్టు, మీ తరం ఒక జట్టు. మనవడికి లెక్క నేర్పేది తాత. ఆ నేర్పే పనిలో మీ నాన్నగారి గొంతు ఎలా లేస్తుందో మీరే చూస్తారు.

మీ అమ్మగారి సంగతి. ఆవిణ్ణి వంటింట్లోంచి రమ్మని పిలిస్తే రారు, ఆవిడకి అక్కడే ధైర్యం. ఆవిడ చేతి పని ఒకటి బయటికి తెండి. చిక్కుడుకాయలు ఈనెలు తియ్యడమో, గోంగూర ఆకు దూయడమో. పళ్ళెం పట్టుకుని మిగతా ఆడవాళ్ళ మధ్య కూర్చుంటారు. చేతులు పనిలో ఉంటే ఆవిడకి మాట అదే వస్తుంది.

ప్రశ్న: మా పెరట్లో ఈ ఏడు గోంగూర మనిషెత్తు పెరిగింది. ఆనపకాయలు ఇంకా కాస్తున్నాయి. చిక్కుడు పాదు మాత్రం వేసవంతా ఆకులే, ఇప్పుడిప్పుడే పూత. చలి పడేలోగా అన్నీ ఏం చేసుకోవాలి? అందరికీ పంచిపెట్టడానికి ఇల్లిల్లూ తిరిగే ఓపిక లేదు.
ఒక పాఠకురాలు, బ్రిడ్జ్‌వాటర్

జవాబు: తిరగకండి, అందరినీ మీ ఇంటికే రమ్మనండి. కోతరోజు అని ఒకటి పెట్టుకోండి. మా ఇంట్లో పండగలన్నిటిలోకీ నాకు ఇష్టమైన రోజు ఇదే. మావారు విత్తనాలు నాటిన రోజునుంచీ దీనికోసమే ఎదురుచూస్తారు.

మా సెంట్రల్ జెర్సీలో మొదటి గడ్డమంచు, అదే ఫ్రాస్ట్, సాధారణంగా అక్టోబరు మధ్యనుంచి నెలాఖరు లోపల పడుతుంది. ఉత్తరాన కొండలవైపు ఇంకా ముందు. ఒక్క రాత్రి చాలు, గోంగూర, ఆనప, టమాటా అన్నీ తెల్లారేసరికి నల్లగా వాడిపోతాయి. కాబట్టి అక్టోబరు మొదటి, రెండో వారాల్లో ఒక శనివారం చూసుకోండి. వాతావరణం యాప్‌లో రాత్రి ఉష్ణోగ్రత 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగుతుందని కనబడితే ఆ రాత్రికి ముందే కోతరోజు పెట్టుకోండి.

మీ చిక్కుడు పాదు తప్పేమీ లేదు. మన చిక్కుళ్ళలో చాలా రకాలు పగలు తగ్గితేనే పూస్తాయి. ఇక్కడ పగలు తగ్గేసరికి చలి తరుముకొస్తుంది. ఉన్న లేతకాయలు కోసుకుని పచ్చికారం వేసి కూర చేసుకోండి. వచ్చే ఏడాదికి తొందరగా కాసే రకం విత్తనం సంపాదించండి. దొండ తీగకి కింద దుంప ఉంటుంది. దాన్ని కుండీలోకి మార్చి లోపల పెట్టుకుంటే వేసవికి మళ్ళీ లేస్తుంది. కరివేపాకు కుండీని రాత్రి 50 డిగ్రీల కిందికి పోయే ముందే ఇంట్లోకి తెచ్చెయ్యండి, కోతరోజు దాకా ఆగకండి.

ఇప్పుడు గోంగూర. వచ్చినవాళ్ళలో మొక్కలు కోసేవాళ్ళు కొందరు, కూర్చుని ఆకు దూసేవాళ్ళు కొందరు. దూసిన ఆకుని కడిగి, పాత నూలు చీరమీద నీడలో ఆరబెట్టాలి. తడి ఆకుతో పచ్చడి చేస్తే నిలవుండదు, ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి. ఆకు ఆరేలోపు భోజనాలు. తరవాత పెద్ద మూకుడులో నూనె వేసి ఆకు దగ్గరపడి నూనె తేలేదాకా మగ్గించడం, ఎండుమిరపకాయలు, మెంతులు, ధనియాలు వేయించి పొడి కొట్టడం, వెల్లుల్లి ఒలవడం. అందరూ తలో సీసా తెచ్చుకోవాలి, నిండు సీసాతో ఇంటికి వెళ్ళాలి. పచ్చడి ఫ్రిజ్‌లో పెట్టుకోమని చెప్పండి. మిగిలిన ఆకుని కాస్త నూనెలో మగ్గించి, చల్లార్చి, చిన్న చిన్న సంచుల్లో ఫ్రీజర్‌లో పెడితే జనవరిలో పప్పులోకి దొరుకుతుంది.

పండని టమాటాలు పారెయ్యకండి. పచ్చి టమాటా, పచ్చిమిర్చి, నువ్వులు కలిపి రోటిపచ్చడి చేస్తే ఆ మధ్యాహ్నం భోజనానికి అదే రాజు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. న్యూజెర్సీ దక్షిణాన పైన్ బ్యారెన్స్ ఇసుకనేలల్లో క్రాన్‌బెర్రీ పండుతుంది. సెప్టెంబరు చివరినుంచి నవంబరు మొదటిదాకా కోత. మడుల్లోకి నీళ్ళు వదిలి, తేలిన పళ్ళని ఒక పక్కకి తోస్తారు. నీళ్ళంతా ఎర్రగా పరుచుకుని కనబడుతుంది. వీలైతే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. ఆ పళ్ళు తెచ్చి కందిపప్పులో వేసి చూడండి. మామిడికాయ పప్పుకి దగ్గరగా ఉండే పులుపు వస్తుంది. పచ్చిమిర్చి, వెల్లుల్లి తాలింపు వేస్తే కొవ్వూరు నుంచి వచ్చిన మా ఆడపడుచు మూడోసారి వడ్డించుకుంది. అవే పళ్ళతో ఆవపిండి, కారం కలిపి పచ్చడి కూడా పెట్టుకోవచ్చు. ఈ నేల ఇచ్చినదాన్ని మన తాలింపుతో మనవాళ్ళకి పెట్టడం నాకెంతో తృప్తి.

ప్రశ్న: నాది వరంగల్, మా వారిది రాజమండ్రి. నేను హాళ్ళలో జరిగే పెద్ద బతుకమ్మలకి వెళ్తాను గానీ, ఇంట్లోనే నలుగురైదుగురు స్నేహితులతో చిన్నగా ఆడుకోవాలని ఆశ. ఇక్కడ తంగేడు లేదు, గునుగు లేదు, చెరువు లేదు. మా అత్తమ్మ ఈసారి మాతోనే ఉన్నారు, ఆమెకి ఇదంతా కొత్త. ఎలా చెయ్యాలె?
ఒక పాఠకురాలు, మన్రో

జవాబు: తప్పకుండా చేసుకో తల్లీ. నేను గోదావరి గడ్డమీద పుట్టినదాన్ని, బతుకమ్మ నాకు ఇక్కడే, కరీంనగర్ నుంచి వచ్చిన మా పక్కింటివాళ్ళ పెరట్లో పరిచయం. పూలనే దేవతగా పేర్చి, ఆ పూల చుట్టూ ఆడడం చూసి నేను మురిసిపోయాను.

గునుగు లేదనుకోకు. ఇక్కడి నర్సరీల్లో సెలోషియా పేరుతో అమ్మేది ఆ జాతే. వచ్చే వేసవిలో విత్తనాలు చల్లుకుంటే బతుకమ్మ నాటికి నీ పెరట్లోనే పూస్తుంది. తంగేడు పసుపు కావాలంటే సెప్టెంబరులో రోడ్ల పక్కన, ఖాళీ జాగాల్లో విరగబూసే గోల్డెన్‌రాడ్ ఉంది. దానివల్ల తుమ్ములొస్తాయని కొందరు భయపడతారు. ఆ తుమ్ములకి అసలు కారణం అదే సమయంలో పూసే ర్యాగ్‌వీడ్ అనే కలుపుమొక్క. ఎవరి స్థలంలో ఉందో వాళ్ళని అడిగి కోసుకో. పార్కుల్లో కొయ్యకూడదు. చామంతులు ఈ కాలంలో ప్రతి కిరాణా దుకాణం ముందూ కుండీల్లో బారులు తీరి ఉంటాయి. బంతి, జిన్నియా నీ పెరట్లోవో, స్నేహితుల పెరట్లోవో. పళ్ళెంలో అడుగున గుమ్మడి ఆకు పరుచు, పైన పసుపు గౌరమ్మని పెట్టు.

తొమ్మిది రోజులూ కుదరకపోతే మొదటిదైన ఎంగిలిపూల రోజు ఒకటి, ఆఖరిదైన సద్దుల రోజు ఒకటి చేసుకో. మధ్యలో వచ్చే శనివారం పిల్లల కోసం ఇంకోసారి. అయితే ఆరోరోజున, అంటే అలిగిన బతుకమ్మ రోజున, పేర్చరు కనక క్యాలెండర్ చూసుకుని పెట్టుకో. నిమజ్జనానికి పెద్ద టబ్బులో నీళ్ళు పోసి పసుపు, కుంకుమ వెయ్యి. ఊరి చెరువులో అనుమతి లేకుండా వెయ్యద్దు. పూలు తరవాత మొక్కల మొదట్లో వేస్తే మట్టిలో కలిసిపోతాయి. పూలకి కట్టిన దారం, తీగ మాత్రం ముందే తీసెయ్యి.

మీ అత్తమ్మ సంగతి నాకు అసలు దిగులే లేదు. సద్దుల్లో చింతపండు పులిహోర ఒకటి ఉంటుంది కదా, అది ఆవిడకి ఒప్పజెప్పు. గోదావరి జిల్లా ఆవిడకి పులిహోర ఇచ్చి చూడు! ఇంకో మాట. దసరా వెళ్ళిన వారం రోజులకి, ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది వస్తుంది. తెల్లవారుజామున లేచి తినడం, గోరింటాకు, ఉయ్యాల, సాయంత్రం చంద్రుణ్ణి చూసి అట్ల వాయనం. ఇది ఆవిడ చిన్ననాటి పండగ. నువ్వు "అత్తయ్యా, ఈసారి అట్లతద్ది మనింట్లో చేద్దాం, అదే స్నేహితుల్ని పిలుద్దాం" అను. నీ బతుకమ్మకి ఆవిడ చప్పట్లు కొడుతుంది, ఆవిడ అట్లకి నువ్వు పెనం ఎక్కిస్తావు. ఒకే ఇంట్లో రెండు వైపుల పండగలూ పది రోజుల తేడాతో జరగడం మీ పిల్లలకి పెద్ద ఆస్తి.

ప్రశ్న: అమ్మమ్మగారూ, నాకు పద్నాలుగేళ్ళు. నేను చెప్తుంటే మా అమ్మ రాస్తోంది. మా ఇంటికి గెస్టులు వస్తే ప్రతి ఆంటీ, అంకుల్ "ఏ గ్రేడ్? ఏం చదువుతావు? మాథ్‌లో ఎలా ఉన్నావు?" అనే అడుగుతారు. అందుకే నేను, మా కజిన్స్ బేస్‌మెంట్‌కి వెళ్ళిపోతాం. అమ్మకి కోపం వస్తుంది.
ఒక పాఠకురాలు, వెస్ట్ విండ్సర్

జవాబు: బంగారుతల్లీ, నీ మాట న్యాయమైనది. ముందు పెద్దవాళ్ళకి చెప్తాను: పిల్లల్ని మార్కులు అడగడం ఆపండి. "ఈ వారం దేనికి బాగా నవ్వావు?" అని అడిగి చూడండి.

ఇప్పుడు నీకు. ఈసారి వాళ్ళు నిన్ను అడిగేలోగా నువ్వే వాళ్ళని అడుగు. "అంకుల్, మీరు అమెరికాలో దిగిన మొదటి రోజు ఏం తిన్నారు?" అను. "ఆంటీ, మీ ఊళ్ళో సెలవుల్లో ఏం చేసేవారు?" అను. ఫోన్‌లో రికార్డు చేస్తున్నానని చెప్పి చెయ్యి. మాథ్ సంగతి అందరూ మర్చిపోతారు. నీకు ఎన్ని కథలు దొరుకుతాయో నువ్వు ఊహించలేవు.

ఆట కూడా నువ్వే మొదలుపెట్టు. ఏడు పెంకులాట తెలుసా? చపటా రాళ్ళు ఏడు ఒకదానిమీద ఒకటి పేర్చాలి, టెన్నిస్ బంతితో కొట్టి పడగొట్టాలి, అవతలి జట్టు బంతితో కొట్టేలోగా మళ్ళీ పేర్చాలి. మీ నాన్నవాళ్ళ తరాన్ని రమ్మను. వాళ్ళు పరిగెత్తి రావడం ఖాయం, వాళ్ళకి ఇది బాగా తెలిసిన ఆట.

రాలిన ఆకుల్ని కుప్పచేసి దూకడం మీకు ఇష్టమని నాకు తెలుసు. దూకండి. కానీ ఈ రాష్ట్రంలో జింకల వల్ల వ్యాపించే చిన్న పిడుదులు, అదే టిక్స్, ఆ ఆకుల్లో ఉంటాయి. లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. లోపలికి వచ్చాక మోకాళ్ళ వెనక, చెవుల వెనక, తలలో అమ్మ చేత చూపించుకో.

ప్రశ్న: నేను హైదరాబాదులో ఉంటాను. ఇద్దరు కూతుళ్ళూ న్యూజెర్సీలోనే. వాళ్ళు కలిసిన ప్రతిసారీ వీడియో కాల్ చేసి, ఫోను అందరి చేతుల్లోనూ తిప్పుతారు. ఒక్కొక్కరూ "బాగున్నారా ఆంటీ" అని ఇంకొకరికి ఇచ్చేస్తారు. పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ తరవాత నాకు ఇల్లు ఇంకా బోసిగా అనిపిస్తుంది.
ఒక అమ్మ, హైదరాబాదు

జవాబు: వదినగారూ, ఈ ఉత్తరం మీ అమ్మాయిలు చదవాలని ఇక్కడ అచ్చువేస్తున్నాను. ఆడపిల్లలూ, ఫోను తిప్పకండి. వంటింటి గట్టుమీద ల్యాప్‌టాప్ పెట్టి అమ్మని అక్కడే ఉండనివ్వండి. ఆదివారం పొద్దున పదింటికి మీరు మొదలుపెడితే అక్కడ రాత్రి ఏడున్నర. ఆవిడ భోజనం ముగించుకుని తీరిగ్గా కూర్చోగలరు. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారం మారుతుంది, ఆనాటినుంచి పదంటే అక్కడ ఎనిమిదిన్నర. కాబట్టి అంతకుముందే ఈ అలవాటు పెట్టుకోండి.

అమ్మకి ఒక పని ఇవ్వండి. "అమ్మా, బూరెల పూర్ణం ఈ పాకం చాలా?" అని చూపించండి. నిజంగా ఆవిడ చెప్పినట్టే చెయ్యండి. మీరూ వదినగారూ, అదే వేళకి మీ ఇంట్లో మీ పొయ్యి మీద అదే వంటకం చేసుకోండి. ఇటూ అటూ ఒకేసారి నూనెలో బూరెలు పడాలి. చుట్టూ పిల్లలు అరుస్తూ, ఎవరో గిన్నె పడేస్తూ, మాట మధ్యలో తెగుతూ ఉంటే ఉండనివ్వండి. ఆ గోలే మీరు కోరుకుంటున్నది.

ప్రశ్న: అందరినీ పిలవలేం కదా. పిలవనివాళ్ళు వాట్సాప్‌లో ఫోటోలు చూసి నొచ్చుకుంటున్నారు.
ఒక పాఠకురాలు, పిస్కాటవే

జవాబు: ఫోటోలు వచ్చినవాళ్ళకి మాత్రమే పంపండి, నూటయాభైమంది ఉన్న గ్రూపులో వద్దు. స్టేటస్‌లో కూడా పెట్టద్దు. నొచ్చుకున్నవాళ్ళని వచ్చే నెల, వాళ్ళ కుటుంబాన్ని ఒక్కదాన్నే, భోజనానికి పిలవండి. సంజాయిషీ ఏమీ చెప్పకండి. నాలుగు రకాలు వండి, దగ్గర కూర్చుని వడ్డించండి. మన మనుషులకి అది చాలు.

ప్రశ్న: అక్టోబరులో కూడా బయటే కూర్చోవాలని ఉంది. ఫైర్ పిట్ కొనమంటారా?
ఒక పాఠకుడు, హిల్స్‌బరో

జవాబు: కొనండి, చలిమంట చుట్టూ కూర్చుంటే ఇష్టం లేనివాడు కూడా పాట అందుకుంటాడు. మా ఇంట్లో పిల్లలు మార్ష్‌మెల్లోలు కాలుస్తుంటే, పెద్దవాళ్ళం బూడిదలో చిలగడదుంపలు కప్పెట్టుకుంటాం. రేకు కాగితంలో చుట్టి పెడితే ముప్పావుగంటకి మెత్తబడతాయి. బాగా ఎండిన కట్టెలే వాడండి. రాలిన ఆకులు వేస్తే పొగ తప్ప వేడి రాదు, పక్కింటివాళ్ళకీ ఇబ్బంది. పట్టుచీర కట్టుకున్నవాళ్ళని, పైట జారే పిల్లల్ని మంటకి దూరంగా కూర్చోబెట్టండి. బకెట్టు నీళ్ళు, ఒక పార చేతికి అందేలా ఉండాలి. ఇంటి గోడకి ఎంత దూరంలో పెట్టాలి, అసలు కట్టెల మంటకి అనుమతి ఉందా లేదా అన్నది ఊరినిబట్టి మారుతుంది. టౌన్‌హౌస్ అయితే అసోసియేషన్ నియమాలు వేరే ఉంటాయి. సోమవారం పొద్దున్నే టౌన్‌షిప్ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి, దుకాణానికి ఆ తరవాత వెళ్ళండి.